ఓపీ గదిలో కంప్యూటర్ పెత్తనం ఎవరిది?

ఆసుపత్రిలో చేరకుండా వచ్చి చూపించుకుని వెళ్లే రోగులకు అందేదే ఔట్‌పేషెంట్ వైద్యం. జనం నోట అది ఓపీ. జ్వరానికి మందు రాయడం, బీపీ, షుగర్ మాత్రల మోతాదు మార్చడం, గర్భిణికి నెలనెలా పరీక్షలు చేయడం, రొమ్ములో గడ్డను తొలిసారి అనుమానించడం అన్నీ అక్కడే జరుగుతాయి. వార్డులో ఉన్న రోగి రోజంతా నర్సుల కళ్లెదుటే ఉంటాడు. ఒక పూట మరిచిన విషయం మరో పూట గుర్తుకొస్తుంది. ఓపీ రోగి సంగతి అలా కాదు. డాక్టరు ముందు కూర్చునేది కొన్ని నిమిషాలే. గది దాటితే మళ్లీ ఎప్పుడొస్తాడో, అసలు వస్తాడో రాడో తెలియదు. పోయినసారి ఏ మందు రాశారు, ఏ పరీక్ష చేయించమన్నారు, రిపోర్టులో ఏం తేలింది అన్నవన్నీ ఆ కాస్త సమయంలోనే డాక్టరు కంటపడాలి. సమాచారం అందకపోతే ఓపీలో వైద్యమే కుంటుపడుతుంది.

67 దేశాల లెక్కలను క్రోడీకరించి 2017లో బీఎంజే ఓపెన్ పత్రిక ప్రచురించిన అధ్యయనం ప్రకారం ప్రాథమిక వైద్యుడు ఒక రోగితో గడిపే సమయం స్వీడన్‌లో 22 నిమిషాలకు పైనే. భారత్‌లో అది సుమారు 2 నిమిషాలు, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. ఆ 2 నిమిషాల్లో ఒక నిమిషాన్ని కంప్యూటర్ మింగేస్తే రోగికి మిగిలేది ఒక్క నిమిషం. అదే కంప్యూటర్ గత రిపోర్టులను వెతికే శ్రమ తప్పిస్తే ఆ సమయం రోగి మాట వినడానికి దక్కుతుంది. అందువల్ల తెర మీద ముందు ఏది కనిపించాలి, ఏ గడి నింపడం తప్పనిసరి, ఏ హెచ్చరిక ఎప్పుడు రావాలి అన్నవి పైకి సాంకేతిక విషయాల్లా ఉన్నా నిజానికి వైద్య నిర్ణయాలే. వాటిని తీసుకునే అధికారం రోగులను చూసే వైద్యుల చేతిలో ఉండాలి. అందుకు కావలసిన సమయం, శిక్షణ కూడా వారికి దక్కాలి. అరవై ఏళ్ల అనుభవం చెబుతున్నది ఇదే.

నిజానికి వైద్య రికార్డులను కంప్యూటర్‌కు ఎక్కించాలన్న ఆలోచన మొదలైందే డాక్టర్ల బుర్రల్లో. 1968లో అమెరికా వైద్యుడు లారెన్స్ వీడ్ న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాసిన వ్యాసంలో, కేస్ షీటును రోగి సమస్యల వారీగా అమర్చాలని ప్రతిపాదించారు. రోగి చెప్పింది, డాక్టరు పరీక్షించి చూసింది, ఏమనుకుంటున్నది, ఏం చేయబోతున్నది అన్న నాలుగు భాగాలతో వైద్య విద్యార్థులు నేటికీ రాస్తున్న సోప్ నోట్ ఆయన చలవే. అదే కాలంలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో ఆక్టో బార్నెట్ అనే వైద్యుడి బృందం హార్వర్డ్ కమ్యూనిటీ హెల్త్ ప్లాన్ క్లినిక్ కోసం కోస్టార్ అనే ఓపీ రికార్డు వ్యవస్థను నిర్మించింది. అందులో డాక్టరు టైపు చేసే పనే లేదు. ఆయన కాగితం ఫారం మీద టిక్కులు పెడితే గుమాస్తాలు కంప్యూటర్‌కు ఎక్కించేవారు. రోగి మళ్లీ వచ్చే వేళకు సారాంశం అచ్చయి సిద్ధంగా ఉండేది. డాక్టరు సమయానికి ఎంత విలువ ఉందో తెలిసినవారు చేసిన ఏర్పాటు అది.

ఇండియానాపొలిస్‌లో క్లెమెంట్ మెక్‌డొనాల్డ్ చేసిన పని ఇంకా లోతైనది. రీజెన్‌స్ట్రీఫ్ సంస్థ తరఫున ఆయన 1972లో ప్రభుత్వ ఆసుపత్రిలోని మధుమేహ క్లినిక్‌లో కొద్దిమంది రోగులతో రికార్డు వ్యవస్థ ప్రారంభించారు. కంప్యూటర్ ఆ రోగుల వివరాలు ముందే చదివి, ఫలానా మందు వాడుతున్నారు కాబట్టి ఫలానా రక్తపరీక్ష చేయించాలి అన్న తరహా సూచనలను కాగితం మీద అచ్చువేసేది. ఆ కాగితాన్ని ఫైలుకు జోడించి డాక్టరుకు ఇచ్చేవారు. 1976లో వెలువడిన ఫలితాల ప్రకారం సూచన కాగితం ఉన్నప్పుడు డాక్టర్లు 51 శాతం సందర్భాల్లో తగిన చర్య తీసుకున్నారు. లేనప్పుడు 22 శాతంలోనే తీసుకున్నారు. డాక్టర్లకు తెలియక తప్పులు జరగడం లేదని, ఒక మనిషి మెదడు ఏకకాలంలో మోయలేనంత సమాచారం మీద పడటమే అసలు కారణమని మెక్‌డొనాల్డ్ తేల్చారు. రోజూ ఓపీ చూసే మనిషికే తట్టే మాట అది. ప్రయోగశాల పరీక్షలకు ప్రపంచమంతటా ఒకే కోడ్ ఉండేలా 1994లో మొదలైన లాయింక్ పద్ధతి కూడా ఆ సంస్థ నుంచే వచ్చింది. భారత ప్రభుత్వం ప్రకటించిన ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డు ప్రమాణాల్లోనూ దానికి చోటుంది.

ఒకే దేశం, రెండు దారులు

వైద్యుల నాయకత్వం ఉంటే ఏమవుతుంది, లేకపోతే ఏమవుతుంది అన్నదానికి బ్రిటన్‌ను మించిన ఉదాహరణ లేదు. అక్కడ వీధి చివరి జనరల్ ప్రాక్టీషనర్ (జీపీ) క్లినిక్, పెద్దాసుపత్రి రెండూ ఒకే జాతీయ ఆరోగ్య సర్వీసు కింద పనిచేస్తాయి. కంప్యూటర్ విషయంలో మాత్రం రెండింటి చరిత్ర పూర్తిగా వేరు.

జనరల్ ప్రాక్టీసు వైపు డాక్టర్లే సాఫ్ట్‌వేర్ రాసుకున్నారు. లఫ్‌బరోలో ప్రాక్టీసు చేస్తున్న జేమ్స్ రీడ్ 1980ల తొలినాళ్లలో రోగ లక్షణాలకు, నిర్ధారణలకు, మందులకు కోడ్‌లు రూపొందించారు. రీడ్ కోడ్‌ల పేరిట అవి దశాబ్దాల పాటు దేశమంతా వాడుకలో ఉన్నాయి. యార్క్‌షైర్‌లోని ఎగ్టన్ అనే పల్లెలో పీటర్ సోవర్‌బీ, డేవిడ్ స్టేబుల్స్ అనే వైద్యులు తమ క్లినిక్ కోసం మొదలుపెట్టిన పని ఎమిస్ అనే సంస్థగా ఎదిగింది. ఆ డాక్టర్లు ముందుగా పట్టుకున్న సమస్య రోగ నిర్ధారణ కూడా కాదు. నెలనెలా అవే మాత్రలు రాయించుకోవడానికి వచ్చే రోగుల చీటీలను చేత్తో మళ్లీ మళ్లీ రాయడమే వారి అసలు తలనొప్పి. ఆ చీటీలను కంప్యూటర్ అచ్చువేసి ఇవ్వడం మొదలయ్యాక డాక్టర్లను వేరే ఎవరూ ఒప్పించాల్సిన అవసరం రాలేదు. 1987లో కొన్ని కంపెనీలు పేర్లు తొలగించిన రోగుల సమాచారానికి బదులుగా క్లినిక్‌లకు కంప్యూటర్లు ఉచితంగా ఇచ్చాయి. మందుల భద్రతపై నేటికీ పరిశోధకులు ఆధారపడుతున్న బ్రిటిష్ డేటాబేస్‌కు పునాది పడింది అప్పుడే. 1990ల మధ్యకు వచ్చేసరికి నూటికి తొంభైకి పైగా క్లినిక్‌లలో కంప్యూటర్లు ఉన్నాయి. 2004లో నాణ్యత ఆధారంగా జీపీలకు చెల్లింపులు మొదలుపెట్టగలిగారంటే లెక్కలు అప్పటికే కంప్యూటర్లలో ఉండటమే కారణం.

ఆసుపత్రుల కోసం ప్రభుత్వం 2002లో తలపెట్టిన జాతీయ ఐటీ కార్యక్రమం ఇందుకు పూర్తి విరుద్ధంగా నడిచింది. ఒప్పందాలన్నీ పైస్థాయిలో పెద్ద కంపెనీలతో కుదిరాయి. ఏ వ్యవస్థ కావాలో వాడబోయే డాక్టర్లను సరిగా అడిగినవారు లేరు. వ్యయ అంచనా దాదాపు 1,000 కోట్ల పౌండ్లకు చేరాక 2011లో ప్రభుత్వం దాన్ని రద్దు చేస్తున్నట్లు ప్రకటించింది. తర్వాత అమెరికా వైద్యుడు రాబర్ట్ వాక్టర్ నేతృత్వంలోని కమిటీ 2016లో ఇచ్చిన నివేదికలో, సమాచార సాంకేతికత బాధ్యత చూసే వైద్య అధికారులను ఆసుపత్రుల్లో నియమించి, శిక్షణ ఇచ్చి, తగిన సమయం కేటాయించాలని గట్టిగా సిఫార్సు చేసింది. జీపీలు ఎవరూ చెప్పకుండానే చేసుకున్న పనిని ఆసుపత్రులకు కమిటీ వేసి చెప్పాల్సి వచ్చింది.

అమెరికాలోని హవాయి దీవుల అనుభవం మరింత సూక్ష్మమైన పాఠం నేర్పుతుంది. కైజర్ పర్మనెంటె సంస్థ అక్కడి క్లినిక్‌లలో ఐబీఎంతో కలిసి తయారు చేసిన రికార్డు వ్యవస్థను 2000ల తొలినాళ్లలో ప్రవేశపెట్టింది. ఎంపికలో తమ మాటకు విలువ లేదని డాక్టర్లు, సిబ్బంది భావించారు. డిజైన్‌లో లోపాలు బయటపడ్డాయి, రోజుకు చూసే రోగుల సంఖ్య తగ్గింది. 2003లో సంస్థ దాన్ని పక్కనపెట్టి మరో సాఫ్ట్‌వేర్‌కు మారింది. ఈ వైఫల్యాన్ని అధ్యయనం చేసిన పరిశోధకులు 2005లో బీఎంజేలో రెండు ముఖ్యమైన విషయాలు చెప్పారు. ఎదుటివారిని నొప్పించకూడదనే అక్కడి మర్యాద వల్ల మొదట్లో ప్రతిఘటన కనిపించలేదు గానీ, అదే మర్యాద లోపాలను సకాలంలో పైకి రానివ్వలేదు. సీనియర్ ముందు నోరు విప్పని జూనియర్లున్న మన ఆసుపత్రులకు ఇది నేరుగా వర్తిస్తుంది. ఇక రెండోది నాయకత్వ శైలికి సంబంధించినది. సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకునేటప్పుడు అందరినీ అడిగే నాయకుడు కావాలని, ఎంచుకున్నాక అమలు చేసేటప్పుడు గట్టిగా నిర్ణయాలు తీసుకునే నాయకుడు కావాలని సిబ్బంది కోరుకున్నారు. ఆచరణలో తరచూ దీనికి తలకిందులుగా జరుగుతుంది. కొనేటప్పుడు ఎవరినీ అడగరు, అమలులో చిక్కులు వచ్చాక మాత్రం కమిటీల మీద కమిటీలు వేస్తారు.

కొత్త వ్యవస్థ కుదురుకున్నాక అదే హవాయిలో జరిగింది గమనించదగ్గది. 2004, 2007 మధ్య క్లినిక్‌కు స్వయంగా వచ్చే రోగుల సందర్శనలు 26 శాతం తగ్గాయి. ఆ స్థానంలో ముందే సమయం తీసుకుని ఫోన్‌లో మాట్లాడటం, భద్రమైన సందేశాలు పంపుకోవడం పెరిగాయి. రోగి పూర్తి రికార్డు తెర మీద ఉంటే ఫోన్‌లో చెప్పే సలహాకు కూడా బలం ఉంటుంది. అయితే మరో సంగతి మరవకూడదు. కైజర్ డాక్టర్లకు ఒక్కో సందర్శనకు ఇంత అని ఫీజు రాదు. రోగి క్లినిక్‌కు రాకపోతే వారి ఆదాయం తగ్గదు. విజిట్‌కు ఇంత అని ఫీజు తీసుకునే క్లినిక్‌లో అదే సాఫ్ట్‌వేర్ పెట్టినా అదే ఫలితం వస్తుందని చెప్పలేం.

డబ్బు రాసిన నోట్లు

అమెరికా అనుభవాన్ని డబ్బు ప్రస్తావన లేకుండా అర్థం చేసుకోలేం. 2008లో ప్రచురితమైన జాతీయ సర్వే నాటికి అక్కడ ఓపీ వైద్యుల్లో పూర్తిస్థాయి ఎలక్ట్రానిక్ రికార్డు వాడుతున్నవారు 4 శాతమే. ప్రాథమిక స్థాయి వ్యవస్థ వాడుతున్నవారు మరో 13 శాతం. 2009 ఫిబ్రవరిలో వచ్చిన హైటెక్ చట్టం అర్హుడైన ప్రతి వైద్యుడికీ ప్రభుత్వ బీమా పథకాల్లో మెడికేర్ ద్వారా గరిష్ఠంగా 44,000 డాలర్లు, మెడికెయిడ్ ద్వారా అయితే 63,750 డాలర్లు ప్రోత్సాహకంగా ప్రకటించింది. చిన్న క్లినిక్‌లకు చేయూతగా 62 ప్రాంతీయ కేంద్రాలు ఏర్పడ్డాయి. 2021 నాటికి దాదాపు 88 శాతం ఓపీ వైద్యుల దగ్గర ఏదో ఒక ఎలక్ట్రానిక్ రికార్డు ఉంది. పైస్థాయిలో వైద్యుల నాయకత్వానికీ లోటు లేదు. 2004లో ఏర్పడిన ఆరోగ్య ఐటీ జాతీయ సమన్వయకర్త పదవిని డేవిడ్ బ్రెయిలర్ మొదలు డేవిడ్ బ్లూమెంథాల్, ఫర్జాద్ మొస్తషారి, కరెన్ డిసాల్వో వరకు అందరూ వైద్యులే నిర్వహించారు.

అయినా ఓపీ గదిలో డాక్టర్లు తలలు పట్టుకున్నారు. 57 మంది వైద్యులను గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం రోగితో ముఖాముఖి గడిపే ప్రతి గంటకూ కంప్యూటర్, కాగితాల పని దాదాపు 2 గంటలు. ఇంటికెళ్లాక రాత్రి మరో గంటో, రెండు గంటలో. విస్కాన్సిన్‌లో 142 మంది ఫ్యామిలీ డాక్టర్ల కంప్యూటర్ లాగ్‌లను పరిశీలించిన 2017 అధ్యయనంలో 11.4 గంటల పనిదినంలో 5.9 గంటలు రికార్డు తెర మీదే గడుస్తున్నట్లు తేలింది. తప్పంతా సాఫ్ట్‌వేర్‌దే అనుకుంటే పొరపాటు. అదే సాఫ్ట్‌వేర్ వాడుతున్న ఇతర దేశాల డాక్టర్ల నోట్లతో పోలిస్తే అమెరికా నోట్లు దాదాపు 4 రెట్లు పొడవుగా ఉన్నాయని 2018లో పరిశోధకులు వెల్లడించారు. ఎన్ని అవయవాలను పరీక్షించారు, ఎన్ని ప్రశ్నలు అడిగారు అన్నదాన్ని బట్టి ఫీజు నిర్ణయించే 1995, 1997 నాటి బిల్లింగ్ నిబంధనలే ఆ పొడవుకు ప్రధాన కారణం. నోట్ రాసేది తర్వాతి డాక్టరు కోసం కాకుండా డబ్బు చెల్లించే సంస్థ కోసం అయిపోయింది. వైద్య సంఘాలు పట్టుబట్టాక 2021 జనవరి నుంచి ఆ నిబంధనలను సడలించారు. పెద్ద పదవుల్లో డాక్టర్లు కూర్చున్నంత మాత్రాన ఓపీ గది బాగుపడదు. గదిలోని గడులను ఎవరు నిర్ణయిస్తున్నారన్నదే ముఖ్యం.

హైటెక్ చట్టం కింద ప్రోత్సాహకం అందాలంటే సాఫ్ట్‌వేర్‌కు ప్రభుత్వ ధ్రువీకరణ ఉండాలి. ఈక్లినికల్‌వర్క్స్ అనే కంపెనీ 2017లో అమెరికా న్యాయశాఖకు 15.5 కోట్ల డాలర్లు చెల్లించి ఒక కేసును పరిష్కరించుకుంది. మందుల చీటీలు ఎలక్ట్రానిక్‌గా పంపడానికి ప్రామాణిక మందుల కోడ్‌లన్నీ వ్యవస్థలో ఉండాల్సి ఉండగా, ధ్రువీకరణ పరీక్షలో అడిగే 16 కోడ్‌లను మాత్రమే ప్రోగ్రామ్‌లో ఇరికించారన్నది ప్రభుత్వ ఆరోపణల్లో ఒకటి. ఈ లోపాలను బయటపెట్టింది ధ్రువీకరణ సంస్థ కాదు. ఆ సాఫ్ట్‌వేర్‌ను క్షేత్రంలో అమలు చేస్తున్న ఒక సాంకేతిక ఉద్యోగి. ధ్రువపత్రాన్ని చూసి కొనడం కన్నా పదిమంది అసలు రోగుల చీటీలు రాసి చూడటం మేలు. ఆ పరీక్ష పెట్టగలిగింది రోజూ చీటీలు రాసేవారే.

నాయకుడి పని ఏమిటి

ఎక్కువ చోట్ల డాక్టరు పాత్ర కొనుగోలు కమిటీలో సంతకంతో ముగిసిపోతుంది. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. హెచ్చరికల సంగతే చూడాలి. బోస్టన్‌లోని ఓపీ క్లినిక్‌లపై 2003లో వెలువడిన అధ్యయనంలో, తీవ్రమైన మందుల పరస్పర ప్రభావం గురించి కంప్యూటర్ ఇచ్చిన హెచ్చరికల్లో దాదాపు పదింట తొమ్మిదింటిని డాక్టర్లు పక్కకు నెట్టేశారు. అందులో నిర్లక్ష్యం కన్నా విసుగే ఎక్కువ. రోగి ఎప్పటి నుంచో వాడుతూ ఇబ్బంది లేని మందుల జంటకు కూడా ప్రతిసారీ ఎర్ర బొమ్మ వస్తే, నిజంగా ప్రాణం తీసే జంటకు వచ్చిన ఎర్ర బొమ్మను కూడా వేలు అలవాటుగా మూసేస్తుంది. ఏ హెచ్చరిక ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది సాఫ్ట్‌వేర్ కంపెనీ తేల్చలేదు. ఎక్కువ హెచ్చరికలు పెట్టడం దానికి చట్టపరంగా సురక్షితం. తీసేసే ధైర్యం, దానికి జవాబుదారీ వైద్య నాయకుడివే. రిపోర్టులు, సందేశాలు వచ్చి పడే ఇన్‌బాక్స్‌దీ అదే కథ. అమెరికా ప్రాథమిక వైద్యులకు సగటున రోజుకు 77 దాకా నోటిఫికేషన్లు వస్తున్నాయని 2016లో లెక్కతేలింది. వాటిలో డాక్టరే చూడాల్సినవి ఏవి, నర్సు చూస్తే సరిపోయేవి ఏవి అని విడదీయకపోతే అసలు చూడాల్సిన క్యాన్సర్ రిపోర్టు ఆ గుంపులో తప్పిపోతుంది.

వదిలించుకోవడం కూడా నాయకత్వమే. హవాయి పసిఫిక్ హెల్త్ సంస్థలో మెలిండా ఆష్టన్ అనే వైద్యురాలు 2017 అక్టోబరులో, రికార్డులో అనవసరం అనిపించినవి ఏవైనా చెప్పండని సిబ్బంది అందరినీ అడిగారు. గంట గంటకూ రోగిని చూసినట్లు నర్సులు నమోదు చేసే ఒక మెట్టుకు 24 సెకన్లు పడుతోంది. దాన్ని తీసేస్తే 4 ఆసుపత్రుల్లో కలిపి నెలకు సుమారు 1,700 నర్సు గంటలు మిగులుతాయని లెక్క తేలింది. ఇది వార్డు ఉదాహరణే అయినా పద్ధతి ఓపీకీ చెల్లుతుంది. చెప్పింది నర్సులు, విన్నది వైద్యురాలు. వినే చెవి లేకుండా డాక్టరు ఒక్కడే గదిలో కూర్చుని డిజైన్ చేస్తే అది మరో రకం పెత్తనం. ఓపీలో బీపీ చూసే నర్సు, చీటీ రాసే రిజిస్ట్రేషన్ గుమాస్తా, రక్తం తీసే టెక్నీషియన్, మందులిచ్చే ఫార్మసిస్టు వాడేదీ అదే వ్యవస్థ. కంప్యూటర్లంటే సరదా ఉన్న డాక్టరుకు బాధ్యత అప్పగించడం కూడా సరైన ఎంపిక కాదు. రోజూ ఓపీ చూస్తూ, సహచరులు నమ్మే డాక్టరు కావాలి. ఈ పనికి ప్రత్యేక శిక్షణ అవసరమని గుర్తించి అమెరికా 2011లో క్లినికల్ ఇన్ఫర్మేటిక్స్‌ను ఉప స్పెషాలిటీగా ఆమోదించింది. తొలి పరీక్ష 2013లో జరిగింది.

హైదరాబాద్ నమూనా

వైద్యుల నాయకత్వానికి మంచి ఉదాహరణ కోసం తెలుగువారు దూరం వెళ్లనక్కర్లేదు. గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ ఐస్మార్ట్ అనే రికార్డు వ్యవస్థను సొంతంగా తయారు చేసుకుంది. 2010 ఆగస్టు నుంచి వాడుకలోకి వచ్చిన ఈ వ్యవస్థకు ఆంథొనీ విపిన్ దాస్ అనే నేత్ర వైద్యుడు సారథి. తొలి ఎనిమిదేళ్లలోనే అందులో 20 లక్షలకు పైగా రోగుల వివరాలు చేరాయి. కంటి వైద్యం చాలావరకు ఓపీ వైద్యమే. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం, భువనేశ్వర్‌లలోని పెద్ద కేంద్రాల నుంచి పల్లెల్లో స్థానిక యువతీయువకులు విజన్ టెక్నీషియన్లుగా నడిపే విజన్ సెంటర్ల వరకు సంస్థ విస్తరించి ఉంది. కాబట్టి పల్లెలో చూసిన కన్ను గురించిన సమాచారం నగరంలోని నిపుణుడికి చేరడం అక్కడ వైద్యానికి ప్రాణాధారం. నిర్ధారణలను ఒకే పద్ధతిలో నమోదు చేయడం వల్ల ఏ కంటి జబ్బు ఏ వయసులో, ఏ వృత్తిలో ఎక్కువగా ఉందో తెలిపే పరిశోధన పత్రాలు ఎన్నో దాని ఆధారంగా వెలువడ్డాయి. ఒకే స్పెషాలిటీ, ఒకే యాజమాన్యం, దీర్ఘకాలం నిలిచిన నాయకత్వం ఉండటం అక్కడి అనుకూలతలు. ఏరియా ఆసుపత్రి జనరల్ ఓపీలో ఆ మూడూ ఉండవు. అయినా డాక్టరుకు పూర్తి బాధ్యత అప్పగించి ఏళ్ల తరబడి కొనసాగించడమన్న మౌలిక సూత్రం మాత్రం ఎక్కడికైనా వర్తిస్తుంది.

దేశంలో ప్రభుత్వ ప్రయత్నం వేరే దిశ నుంచి సాగుతోంది. 2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ప్రతి పౌరుడికీ 14 అంకెల ఆభా సంఖ్య ఇస్తోంది. 2022 అక్టోబరులో ఢిల్లీలోని లేడీ హార్డింజ్ వైద్య కళాశాల ఓపీలో మొదలైన స్కాన్ అండ్ షేర్ పద్ధతిలో రోగి క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పేరు, వయసు మళ్లీ చెప్పకుండానే టోకెన్ వస్తుంది. చీటీ కౌంటరు ముందు క్యూ తగ్గడం మంచిదే. కానీ టోకెన్ దొరికినంత మాత్రాన పాత రిపోర్టు డాక్టరు ముందుకు రాదు. భారతీయ వైద్య మండలి 2002 నియమావళి కూడా ఇన్‌పేషెంట్ల రికార్డులను 3 ఏళ్లు భద్రపరచాలని చెప్పిందే తప్ప ఓపీ రికార్డుల ఊసెత్తలేదు. ఓపీ రోగి చరిత్ర రోగి తెచ్చుకునే ప్లాస్టిక్ కవర్లోని చీటీల్లోనే ఉంటుంది. కవర్ మరిచి వస్తే చరిత్ర కూడా ఇంట్లోనే ఉన్నట్లు.

ఆ కవర్‌కు ప్రత్యామ్నాయం ఎలా ఉండాలో ఒక్క చిన్న ఉదాహరణతో చెప్పవచ్చు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ మాత్ర వాడుతున్న రోగులు ఏ ఓపీలో చూసినా ఉంటారు. మూత్రపిండాల పనితీరును సూచించే ఈజీఎఫ్ఆర్ 30 కన్నా తగ్గితే ఆ మాత్ర ఆపాలి. 45 కన్నా తగ్గితే మోతాదుపై పునరాలోచించాలి. డాక్టరు మెట్‌ఫార్మిన్ అని టైపు చేయగానే పక్కనే చివరి మూడు ఈజీఎఫ్ఆర్ ఫలితాలు తేదీలతో సహా కనిపిస్తే చాలు. ఏడాదిగా పరీక్షే చేయించలేదని తెలిసినా చాలు. ఇందుకు ఖరీదైన సాంకేతికత అక్కర్లేదు. ల్యాబ్ తెర, మందుల తెర ఒకచోట కలవాలని పట్టుబట్టే మనిషి మాత్రం కావాలి. టెండర్ పత్రంలో సర్వర్ సామర్థ్యం, వినియోగదారుల సంఖ్య ఉంటాయి. ఇలాంటి షరతు ఉండదు. దాన్ని రాయగలిగిన డాక్టరు టెండర్ తయారయ్యే గదిలో ఉండడు. తక్కువ ధర కోట్ చేసిన కంపెనీకి పని దక్కుతుంది. ఒక రోగి రికార్డు పూర్తి చేయడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో ఎవరూ కొలవరు.

టెలిమెడిసిన్‌లో ఈ లోటు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఈ-సంజీవని సేవలను 2019 నవంబరులో దేశంలో అందరికన్నా ముందు అమలు చేసింది ఆంధ్రప్రదేశ్. పల్లె ఆరోగ్య కేంద్రంలో కూర్చున్న ఆరోగ్య సిబ్బంది రోగిని హబ్‌లోని డాక్టరుకు తెర మీద చూపిస్తారు. అక్కడ తెరే ఓపీ గది. డాక్టరు రోగి పొట్ట నొక్కి చూడలేడు. అవతలి సిబ్బంది ఎలా నమోదు చేశారన్నదాని మీదే నిర్ణయం ఆధారపడుతుంది. పల్లె సిబ్బంది, ఏఎన్‌ఎంలు ఇప్పటికే ఒకే వివరాన్ని రిజిస్టర్లలోనూ, పథకానికొకటిగా వచ్చిన యాప్‌లలోనూ పదే పదే నింపుతున్నారు. ప్రతి యాప్ వెనుకా పైనుంచి లెక్క అడిగే విభాగం ఉంది. ఆ లెక్కల్లో ఎన్ని రోగికి పనికొస్తున్నాయని నిలదీసే అధికారం మాత్రం కింది స్థాయిలో ఎవరికీ లేదు. జిల్లాకొక వైద్యుడిని ఈ బాధ్యతలో పెట్టి, వారంలో సగం రోజులు ఓపీ, సగం రోజులు ఈ పని అని విధులు రాసిచ్చి, కొత్త గడి చేర్చాలన్నా పాతది తీసేయాలన్నా ఆయన లేదా ఆమె ఆమోదం తప్పనిసరి చేస్తే పరిస్థితి మారుతుంది. అదనపు బాధ్యత పేరిట నోడల్ ఆఫీసర్ అన్న ముద్ర ఒక్కటే వేస్తే ఏమీ మారదు. కంపెనీ మారినా రోగుల సమాచారం ప్రామాణిక రూపంలో వెనక్కి ఇవ్వాలని, వైద్యులు అడిగిన మార్పులను నిర్ణీత గడువులో చేయాలని ఒప్పందంలోనే ఉండాలి. రోగి చేతికి వెళ్లే చీటీ మీద మందు వేళలు తెలుగులో అచ్చవ్వాలి. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అన్నం తిన్నాక అన్న మాటలు ఇంగ్లీషు సంక్షిప్తాక్షరాల్లో ఉంటే ఆ చీటీ ఎవరి కోసం అచ్చయినట్లు?

కృత్రిమ మేధ ఓపీ గదిలోకి రావడంతో ఈ ప్రశ్న మరింత పదునెక్కింది. డాక్టరు, రోగి మాట్లాడుకుంటుంటే విని దానంతటదే నోట్ రాసే సాఫ్ట్‌వేర్లు అమెరికాలో వేగంగా వ్యాపిస్తున్నాయి. టైపింగ్ భారం తగ్గుతుంది కాబట్టి డాక్టర్లు వాటిని ఇష్టపడటం సహజం. అయితే తెలుగు రోగి గుండెల్లో దడ అంటాడు, కళ్లు తిరుగుతున్నాయంటాడు, ఒంట్లో వేడి చేసిందంటాడు, నరాలు లాగుతున్నాయంటాడు. ఒక్కో మాట వెనుక నాలుగైదు జబ్బులు ఉండొచ్చు. ఒళ్లు వేడిగా ఉందంటే జ్వరం, వేడి చేసిందంటే చాలాసార్లు మూత్రంలో మంట. శ్రీకాకుళం మాట ఆదిలాబాద్‌లో మరో అర్థమివ్వొచ్చు. ఈ తేడాలను యంత్రం సరిగా పట్టుకుంటోందో లేదో, ఇక్కడి ఓపీల్లో పరీక్షించి, తప్పులను నమోదు చేసి, ఫలానా పనికి తగదని చెప్పగలిగింది ఆ రోగులను ఏళ్ల తరబడి చూసిన వైద్యులే. 2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు కృత్రిమ మేధ వేదికలు రోగికి సలహా ఇవ్వడాన్ని, మందులు రాయడాన్ని నిషేధించాయి. అవి వైద్యుడికి సాయపడవచ్చు గానీ, తుది సలహా, చీటీ వైద్యుడి నుంచే రావాలి. రోగుల సమాచారాన్ని కాపాడే బాధ్యతను 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం దాన్ని సేకరించే సంస్థల మీద పెట్టింది. చీటీకి జవాబు చెప్పాల్సింది డాక్టరు అయినప్పుడు, ఆ చీటీ తయారయ్యే తెరను తీర్చిదిద్దే అధికారం కూడా డాక్టరుకు లిఖితపూర్వకంగా దక్కాలి. రాష్ట్రాల ఆరోగ్య శాఖలు, వైద్య విశ్వవిద్యాలయాలు, ప్రైవేటు ఆసుపత్రుల యాజమాన్యాలు తదుపరి సాఫ్ట్‌వేర్ ఒప్పందం మీద సంతకం చేయకముందే ఆ పని పూర్తి చేయాలి.